బావ గిటార్ బొంగురుపోయిన కేసు

"నాలాంటి బుర్ర ప్రపంచంలో ఒక్కటే ఉండటం ప్రపంచానికి లాభమా, నష్టమా అని పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నానురా," అన్నాడు డేగకన్ను, నా షాపు గుమ్మానికి చేరబడి.

"ఒక్కటి ఉంటేనే ఇలా ఉంది. ఇంకోటి కూడానా?" అన్నాను సోల్డరింగ్ ఐరన్ మీంచి కళ్ళెత్తకుండా.

నేను రేడియోలూ అవీ బాగుచేస్తాను, వాడిది నా పక్క షాపే. కళ్ళజోళ్ళు అమ్ముతాడు. డేగకన్ను అనే బిరుదు వాడికి వాడే ఇచ్చుకున్నాడు. జోడు తీసేస్తే ఎదురుగా ఉన్నది నేనో బీరువానో చెప్పలేడు, అది వేరే సంగతి. ఇప్పటిదాకా వాడు ఛేదించిన అతి పెద్ద కేసు పోయిన గొడుగు. వీధంతా గాలించి, ముగ్గుర్ని అనుమానించి, వాన మొదలయ్యాక తెరిచి చూసుకుంటే అది వాడి చేతిలోనే ఉంది. "నేరస్తుడు భయపడి నా చేతిలో పెట్టి పారిపోయాడు" అని కేసు మూసేశాడు.

"సరే, ఇవాళ ఏం పోయింది?" అన్నాను.

వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఎదురుషాపు వాడికి కూడా వినపడేంత రహస్యంగా చెప్పాడు. "శబ్దం చోరీ అయింది!"

"శబ్దమా? ఎవరిది?"

"మీ బావది."

సోల్డరింగ్ ఐరన్ నా వేలికి తగిలింది. కెవ్వుమన్నాను. నేను అరిచింది కాలినందుకు కాదు. ఆ చోరీ చేసింది నేనే.

కంగారుపడకండి, చెబుతాను. మా బావ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒకప్పుడు ఆ మనిషి నోరు విప్పేదల్లా గిటార్‌తోనే. పెళ్ళికి ముందు బ్యాండులో వాయించేవాడు. మళ్ళీ ఇన్నాళ్ళకి పాత స్నేహితులు కూడి, ఈ ఆదివారం హాల్లో ప్రోగ్రాం పెట్టుకున్నారు. అటక మీంచి పాత యాంప్లిఫయర్ దిగింది. దిగిన మర్నాడే కింద వాటా ఆయన పైకొచ్చాడు.

ఆయన ఆ కింద వాటాలోనే షాపు పెట్టుకుని గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ఓనరు కూడా ఆయనే.

"అమ్మా, మీ ఆయన ఒక్క తీగ మీటితే నా బల్ల మీద స్క్రూలన్నీ గంతులేస్తున్నాయి. నిన్న ఓ సెకన్ల ముల్లు ఎగిరి టీలో పడింది. చూసుకోకుండా తాగేశాను. ఇంక నావల్ల కాదు. ఆ పెట్టె నోరన్నా తగ్గించండి, ఇల్లన్నా ఖాళీ చేయండి," అన్నాడట మా అక్కతో.

అక్క తిన్నగా నా షాపుకొచ్చింది. "ఒరేయ్, దాని గొంతు తగ్గించు. ఆయనకి తెలీకూడదు."

"బావకే చెప్పొచ్చుగా, మెల్లిగా వాయించమని?"

"చెప్పకూడదన్నానుగా! చేస్తావా, చేయవా?"

మా అక్క అలా అడిగితే చేయడమే. ఆ యాంప్లో వెనకవైపు అరచేతి పొడవున్న పవర్ ట్యూబులు రెండుంటాయి. సౌండు బలమంతా వాటిదే. వాటిని పీకేసి వేలెడంత చిన్న రకం పెడితే బలం తగ్గుతుంది. కాకపోతే చిన్న ట్యూబు కాళ్ళు పెద్ద సాకెట్లో పట్టవు. అందుకని మధ్యలో అడాప్టర్ అనే బుల్లి గిన్నె లాంటిది దిగ్గొట్టాలి. పొట్టివాణ్ణి పీటేసి బల్ల దగ్గర కూర్చోబెట్టినట్టన్నమాట. బావ ప్రెస్సుకెళ్ళిన పూట వెళ్ళి చక్కగా కూర్చోబెట్టేశాను.

అప్పట్నుంచీ కింద స్క్రూలు కదల్లేదు. పైన మాత్రం బావ నాబ్ ఎంత తిప్పినా గొంతు పెరగదు, బొంగురుపోతుంది. ఆ బొంగురూ బాగానే ఉందని నాకనిపించింది. పాపం బావకి అలా అనిపించలేదు.

సరే, ఆదివారానికి ముందు పెద్ద ట్యూబులు మళ్ళీ పెట్టేస్తే పోలేదా అంటారా? అక్కడే వచ్చింది చిక్కు. నేను వాటిని పీకి అక్క చేతిలో పెట్టానో లేదో, మెట్ల మీద బావ చెప్పుల చప్పుడు. అక్క వాటికి చెరో మేజోడూ తొడిగి, చేతికందిన కోటు జేబులో దోపేసింది. అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆ కోటు డేగకన్నుది. రహస్య జేబులు కుట్టమని ఇచ్చాడు. జేబులో జేబు, దాని వెనక ఇంకో జేబు, అది దొరక్కుండా ఓ దొంగ జేబు. మర్నాడు అక్క బజారుకెళ్ళినప్పుడు మా బావ, మహా సాయం చేస్తున్నాననుకుని, ఆ కోటు పట్టుకెళ్ళి డేగకన్నుకి అప్పగించాడు.

అంటే మా బావ పెద్ద ట్యూబులు ఈ క్షణాన నా ఎదురుగా, ఆ డేగకన్ను కోటులో ఎక్కడో వేలాడుతున్నాయి. ఎక్కడో వాడికి తెలీదు. అసలు ఉన్నాయనే తెలీదు. టార్చి, టేపు, పెట్టుడు మీసం, భూతద్దం, ఇంకా నానా చెత్తా మోస్తాడు కాబట్టి బరువు పెరిగినా హోదా పెరిగిందనుకుంటాడు. అవేమో పాత రకం. ఎంత వెతికినా జత దొరకలేదు నాకు. అడిగి తీసుకుందామంటే వీడికి రహస్యం చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే. "నా అంతట నేను ఆయనకి చెప్పుకునేదాకా నువ్వు నోరెత్తావో, నీ గుమ్మం తొక్కను" అని అక్క ఒట్టు వేయించుకుంది.

"ఉక్కగా ఉంది, కోటు విప్పి కూర్చోరా," అన్నాను తేనె పూసిన గొంతుతో.

"కేసు విప్పాకే కోటు విప్పేది!" అన్నాడు డేగకన్ను. "పద, నేరస్థలానికి!"

*

బావ మంచం మీద గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాయించడం లేదు. యాంప్ ఆన్‌లోనే ఉంది. అక్క కుట్టుమిషన్ దగ్గర్నుంచి నాకేసి చూసి, కనుబొమలతో అడిగింది. దొరికాయా? నేను తల అడ్డంగా ఊపాను.

"బావగారూ, శబ్దం ఎప్పట్నుంచి కనపడటం లేదు?" అన్నాడు డేగకన్ను, కంటి పరీక్షకి వాడే గుండ్రటి ఫ్రేము ముక్కు మీద పెట్టుకుంటూ. అందులో నాలుగు అద్దాలు దోపాడు.

"పోయిన వారం నుంచి," అన్నాడు బావ. "చెవులు పోయాయేమో అనుకుని డాక్టరుకి చూపించుకున్నా. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అంటే చేతులే పోయాయన్నమాట."

"ఛ, అవేం మాటలండీ," అంది అక్క.

"నిజమే కదా. ఇరవయ్యేళ్ళు వదిలేస్తే ఎవరి చేతులు మాత్రం ఆగుతాయి? వేళ్ళలో జోరు లేదు. ఎంత కొట్టినా సౌండు లేవడం లేదు. సాయంత్రం రిహార్సల్లో చెప్పేస్తా, ఆదివారం నేను రానని. గిటార్ కూడా ఎవరికన్నా ఇచ్చేస్తా."

మా బావ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అక్క మిషన్ ఆగిపోయింది. సౌండు తగ్గితే మనిషి యాంప్‌ని తిట్టుకుంటాడనుకున్నాం గానీ తనని తాను తిట్టుకుంటాడని మా ఇద్దరికీ తట్టలేదు.

ఈలోగా డేగకన్ను యాంప్ వెనక్కి పాకాడు. వాడు పాకినప్పుడల్లా కోటు నేలకి రాసుకుంటోంది. లోపల ఎక్కడో గాజు గాజుకి తగిలి "టింగ్" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆహా! లోపల రెండు బుల్లి సీసాలున్నాయి. గిన్నెల్లో నిలబెట్టారు. ఎర్రగా మెరుస్తున్నాయి. ఇవి మామూలు వస్తువులు కావు. మన మాటలు వినే యంత్రాలు. శత్రుదేశం పని!"

"మా మాటలు వినడానికా?" అన్నాడు బావ. "మేం పెద్దగా మాట్లాడుకోం."

"అందుకే రెండు పెట్టారు!" అంటూ వాడు చేయి చాపి ఒకదాన్ని పట్టుకున్నాడు.

వద్దురా అనేలోపే పొలికేక వినపడింది. వెలుగుతున్న ట్యూబు పెనం కన్నా తక్కువేం కాదు. వాడు ఎగిరి లేచి, కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని, కళ్ళు మెరిపిస్తూ అన్నాడు.

"ఇంకా వేడిగా ఉంది! నేరస్తుడు ఇప్పుడే వెళ్ళాడు! ఎంతో దూరం పోయుండడు!"

ఆ మాటతో మెట్లకేసి ఉరికాడు. నేను వెంట ఉరికాను. రెండో మలుపులో కోటు తోక అందితే పట్టుకుని ఆపాను. అక్క ఒట్టు గిట్టు తర్వాత చూసుకోవచ్చు, బావ గిటార్ వదిలేస్తానంటుంటే ఇంక దాచేదేంటనుకున్నాను.

"ఒరేయ్, విను. ఆ ట్యూబులు మార్చింది నేనే. పెద్దవి నీ కోటు జేబులో ఉన్నాయి. చప్పుడు చేయకుండా ఇచ్చేయ్."

వాడు నాకేసి జాలిగా చూశాడు. భుజం తట్టాడు.

"ఒరేయ్ పిచ్చోడా. నేను ఓడిపోతానేమోనని నేరం నీ మీదేసుకుంటున్నావా? నీ స్నేహం గొప్పదిరా. కానీ ఇది మహా తెలివైనవాడి పని. నీకంత తెలివెక్కడిది?"

"జేబులు వెతుక్కోరా ముందు!"

"నా జేబుల్లో ఏముందో నాకు తెలీదా?" అన్నాడు, గొడుగు మోస్తూ గొడుగు వెతికిన మహానుభావుడు.

*

కింద గడియారాలాయన కంటికి అద్దం బిగించుకుని, పట్టకారుతో ఆవగింజంత స్క్రూ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. గోడల నిండా గడియారాలు. ఏదీ ఇంకోదానితో ఏకీభవించడం లేదు.

"కదలకండి!" అన్నాడు డేగకన్ను.

"నేను కదలడంలేదు బాబూ. మీరు కదలకండి. మీ కోటు నా బల్ల మీదుంది," అన్నాడాయన.

"పోయిన వారంగా పైనుంచి శబ్దం రావడం లేదని మీకు తెలుసా?"

"తెలుసు. హాయిగా ఉంది. ఎవరు చేశారో గానీ వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి."

మొట్టమొదటిసారి ఎవరో నా పనిని మెచ్చుకున్నారు. పైకి థాంక్స్ చెప్పలేక నేలచూపులు చూశాను.

"అంటే మీకు లాభం కలిగింది!" డేగకన్ను గిర్రున తిరిగాడు. కోటు కూడా తిరిగింది. స్క్రూల పళ్ళెం ఎగిరింది. నేను స్క్రూల కోసం కాదు, కోటు కోసం దూకాను. కోటు అంచు రెండు చేతులతో పట్టుకుని, పక్కనున్న ముసలి గడియారానికి తగలకుండా గుండెకి హత్తుకున్నాను. గడియారాలాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నలభయ్యేళ్ళుగా ఇవే బాగుచేస్తున్నా. ఇలా స్క్రూలు ఎగరగొట్టడం ఆ గిటార్‌కే సాధ్యమనుకున్నా," అన్నాడు నీరసంగా. ఆ తర్వాత నిదానంగా, "ఆయన వాయించడం మానేశారా ఏంటి? నేను తగ్గించమన్నాను గానీ ఆపమన్లేదే. పాపం, చేయి మంచిది," అన్నాడు.

"అనుమానితుడు కంట తడిపెట్టాడు. ఇతను కాదు," అని డేగకన్ను తీర్పిచ్చేశాడు. "అయితే మిగిలింది ఒక్కడే. గిటార్ నోరు నొక్కితే ఎవడి చప్పుడు పైకొస్తుంది? ఆలోచించు! డ్రమ్ములవాడు!"

*

డ్రమ్ములవాడు మా బావ చిన్ననాటి స్నేహితుడు. అందరూ పిడుగు అంటారు. బేకరీ మాస్టరు. పిండి పిసికీ పిసికీ ఒక్కో చేయి నా నడుమంత అయింది. బేకరీ వెనక పిండి బస్తాల గదే వాళ్ళ రిహార్సల్ గది. సాయంత్రం మేమంతా అక్కడికి చేరాం. అక్క కూడా వచ్చింది.

"తమ్ముడూ, కోటంతా పిండి అయింది. ఇటివ్వు, దులిపిస్తా," అంది డేగకన్నుతో, రాగానే.

"కేసు విప్పాకే అక్కా, కోటు విప్పేది."

"పోనీ వేసుకునే ఉండు, నేనే దులుపుతా," అని తడమబోయింది.

"చక్కిలిగింతలక్కా!" అని వాడు బస్తాల వెనక్కి పారిపోయాడు.

బావ గిటార్ పెట్టెలోంచి తీయకుండానే గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ పిడుగూ. ఆదివారానికి ఇంకెవర్నన్నా చూసుకోండిరా. నా చేతులు..."

"ఆగండి!" డేగకన్ను బస్తా మీదకెక్కాడు. "ఈ గదిలో ఓ దొంగ ఉన్నాడు!"

పిడుగు నవ్వాడు. "పిండి దొంగ అయితే ఎలుక ఉందండి."

"నవ్వకు! ఆ పెద్ద డ్రమ్ములో ఏముంది?"

"దిండుంది. మోత అణగడానికి."

"దిండు! అందరూ తల కింద పెట్టుకునే దిండు నువ్వు డ్రమ్ములో ఎందుకు పెట్టావు? ఇక్కడే దొరికిపోయావు!"

పెద్ద డ్రమ్ముకి ఒకవైపు తోలు విప్పేసి ఉంది. వాడు బస్తా మీంచి దూకి, తలా భుజాలూ అందులో దూర్చేశాడు. అక్క నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కోటు జారి వాడి తల మీద పడింది. కాళ్ళు పైకి లేచాయి. ఓ బూటు గాల్లో సైకిల్ తొక్కింది. లోపల్నుంచి "చీకటి! నా కళ్ళు పోయాయి!" అని గుయ్యిమంటూ వినిపించింది. తర్వాత టప్ మని ఓ మెత్తటి చప్పుడు. ఆ తర్వాత ఇంకోటి.

నేను కళ్ళు మూసుకున్నాను. దేవుడా, గాజు పగిలిన చప్పుడు రాకూడదు. రాలేదు.

"దొరికాయి!"

పిడుగు కాళ్ళు పట్టి వాణ్ణి బయటికి లాగాడు. ఫ్రేములో అద్దాలు లేవు, జుట్టులో దూది ఉంది, రెండు చేతుల్లో రెండు మేజోళ్ళున్నాయి. మేజోళ్ళలోంచి పెద్ద ట్యూబులు, ఒక్క గీటు లేకుండా, తలలు బయటపెట్టి చూస్తున్నాయి.

"మీ శబ్దం ఇదిగో బావగారూ! దిండు కింద దాచాడు! మీ స్నేహితుడే!"

పిడుగు మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఒరేయ్, నాకేం తెలీదురా. ఒట్టు," అన్నాడు బావతో. అంత మనిషీ చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. "నీ సౌండు నేనెందుకు తీస్తానురా? నువ్వు వస్తున్నావనే కదా నేను మళ్ళీ కర్రలు పట్టుకుంది?"

బావ మేజోళ్ళకేసే చూస్తున్నాడు. పిడుగు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను నోరు తెరవబోయాను. అక్క నాకన్నా ముందే ముందుకొచ్చింది.

"నేనండీ. నేనే తీయించాను."

బావ తలెత్తాడు.

"కిందాయన ఇల్లు ఖాళీ చేయమన్నాడు. అందుకని మా తమ్ముడితో చిన్న ట్యూబులు పెట్టించాను. ఇవి ఈ కోటులో దాచాను. అంతే. అన్నయ్యగారికేం సంబంధం లేదు."

బావ తన చేతులు రెండూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.

"బంగారంలా ఉన్నాయి," అంది అక్క.

"నన్నడగొచ్చుగా. మెల్లిగా వాయించమని ఒక్క మాట."

"అడిగితే మీరు మెల్లిగా వాయించరు. మానేస్తారు. పెళ్ళయిన కొత్తలో మీ నాన్నగారికి తలనొప్పిగా ఉంది, ఇవాళ్టికి ఆపుతారా అన్నాను. ఇరవయ్యేళ్ళు ఆపేశారు." అక్క పవిటతో కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ అడగడానికి నాకు ధైర్యం చాల్లేదండీ."

బావ లేచి అక్క పక్కన నిలబడ్డాడు. ఆ మేజోళ్ళు రెండూ అందుకుని, చిరుగు దగ్గర కుట్టు నిమిరాడు. పిడుగు ఆవేశంగా వచ్చి బావని కావిలించుకున్నాడు. బావ వీపు ఎముకలు చప్పుడు చేశాయి.

డేగకన్ను మాత్రం నన్ను పక్కకి లాగాడు.

"అక్క మంచిదిరా. ఎవర్నో కాపాడుతోంది. ఆలోచించు. ట్యూబులు మార్చాలంటే ఆ పని తెలిసినవాడు కావాలి. ఈ చుట్టుపక్కల అది తెలిసినవాడు ఎవడు?"

"నేను."

"జోకులాపు. కేసు క్లిష్టంగా ఉంది," అంటూ వాడు ఎట్టకేలకు కోటు విప్పాడు. అప్పుడు చూస్తే చొక్కా తిరగేసి వేసుకున్నాడు.

*

ఆదివారం పెద్ద ట్యూబులతో వెళ్ళాం. మా బావ మొదటి తీగ మీటగానే ముందు వరసలో ఒకాయన జోడు ముక్కు మీంచి జారింది. అది మర్నాడు డేగకన్ను షాపుకి బేరమైంది. రెండో వరసలో గడియారాలాయన కూర్చుని, తాళం తప్పకుండా మోకాలు కొట్టుకున్నాడు. ఆ హాల్లో ఆయన స్క్రూలేం లేవు కదా.

ఇప్పుడు ట్యూబులు మార్చడం బావే నేర్చుకున్నాడు. స్విచ్చి ఆపి, చల్లారేదాకా ఆగి, గుడ్డతో పట్టుకుని తీస్తాడు. రోజూ సాయంత్రం ప్రెస్సు నుంచి రాగానే వంటింట్లోకి తొంగిచూసి అడుగుతాడు. "ఏమోయ్, పెద్దవా, చిన్నవా?"

"చిన్నవండీ. కిందాయన పనిలో ఉన్నారు."

బావ అడాప్టర్లు దిగ్గొట్టి చిన్నవి పెట్టుకుని, బొంగురు గొంతుతోనే మెల్లిగా వాయించుకుంటాడు. మానేయలేదు. మొన్న నేను వెళ్ళినప్పుడు కూడా అలాగే అడిగాడు. అక్క జవాబు చెప్పబోయేలోపే కిందనుంచి గడియారాలాయన కేక వినపడింది.

"షాపు మూసేశానండీ! పెద్దవే పెట్టండి!"